నూనె చప్పుడు

పత్తి మార్కెట్టు గేటు ఇంకా తెరవలే.
బొరుగులు నీళ్లల్లో ముంచి పిండుతాండా.
ఆదోని చలికి వేళ్లు మొద్దుబారినాయి,
మూకుడు మాత్రం అప్పుడే మాట్లాడబట్టె.

మొదటి మిరపకాయ నూనెలో పడితే చాలు,
గోనెసంచుల మీద పండుకున్న హమాలీలు
కండ్లు తెరవకముందే నోళ్లు తెరుస్తారు.
ఆకలైందా అంటే, కాలే.
చప్పుడు ఇనపడింది, అంతే.

ఇది నాకు ఇరవై ఏండ్లుగా తెలుసు.
దీనికొక పేరుందని ఈ ఎండాకాలంలో తెలిసె,
కర్నూలు పెద్దాసుపత్రిలో,
మా ఆయన ఉరుకుందును మంచానికి కట్టేసిన మూడో దినం.

శాహిదా మేడమ్ ఓపీ చీటీ ఎనక మెదడు బొమ్మ గీసె.
నడుమ శనక్కాయంత చుక్క పెట్టి
"ఇక్కడమ్మా, డోపమైన్" అనె.
నాకు డోపమ్మ అని ఇనపడె.
మారెమ్మ, ఎల్లమ్మ, డోపమ్మ.
ఏ ఊరి దేవరో, ఏం కోరుతాదో అనుకుంటి.

పెద్దగా తప్పు పోలే నేను.
ఆ యమ్మ విందుకు రాదంట.
విందుకు ముందు మోగే డప్పుకు వస్తాదంట.
మొదట్లో సారా గొంతు దిగినంక వచ్చేది,
తర్వాత కర్ణాటక ప్యాకెట్టు మూల కొరికినప్పుడు,
తర్వాత సైకిలు ఆ సందు తిరిగినప్పుడు,
ఇప్పుడు పొద్దు వాలితే చాలు, పూనకం.
డప్పు మోగి విందు లేకపోతే
మనిషి నేల కింద నేలకు పడతాడంట.
ఆ పడడం నేను సూసినా.
నా చెవుల కమ్మలు ఆ దినమే పోయినాయి.

"కావాలి వేరు, బాగుంది వేరమ్మా.
రెండింటికీ మెదడులో దావలు వేరే.
తాగేకొద్దీ కావాలి పెరుగుతాది,
బాగుంది తరుగుతాది."

రెండేండ్లయింది ఆయన దేన్నైనా బాగుంది అని.
సారాను కూడా అనలే.
మొగం చిట్లించి, చేదు మందు మింగినట్లు మింగేటోడు.
ఆ మొగంలో సుఖముందనుకొని
నేను తిట్టేదాన్ని.

ఎలుకకు మీట ఒకటి ఇచ్చినారంట,
నొక్కితే ఆ చుక్కలో కరెంటు.
తిండి మాని, నీళ్లు మాని, నొక్కుతూనే ఉండెనంట.
"ఆ ఎలుకకు పెండ్లాముందా మేడమ్?" అని అడిగితి.
ఆమె నవ్వలే.

తిరుగు బస్సు ఎమ్మిగనూరు దాటినంక
అడగడం మరిచింది గుర్తుకొచ్చె:
తిండికీ అదే చుక్కనా?
చీటీ తిప్పి తిప్పి సూస్తి.
చుక్క ఒకటే ఉండె.

డ్రిల్లు మాస్టరు మౌలాలి సారుకు చక్కెర రోగం.
రోజూ నా బండి దాటి పది అడుగులు పోతాడు,
మళ్లా ఎనక్కొస్తాడు.
"రెండే, సుంకులమ్మా" అంటాడు. ఆరు తింటాడు.
ఆరోది తినేటప్పుడు ఆ మొగం సూడల్ల,
అచ్చం మా ఆయన మొగం.

ఒక మాట చెప్తా, ఎవరితో అనొద్దు.
గాలి ఇస్కూలు దిక్కు మళ్లితే
నేను బండిని రెండడుగులు జరుపుతా.
ఎవరూ నేర్పలే, చెయ్యే నేర్చుకునె.
సారా అంగడోడు సందు మలుపులో కాపు,
నేను గాలి మలుపులో.
తట్టే తలుపు ఒకటే.

ఆరు నెలలాయె ఆయన ముట్టక.
బండి పక్కన కూచొని ఉల్లిగడ్డలు తరుగుతాడు,
చెయ్యి వణికి ముక్కలు లావుగా పడతాయి.
ఏం పెట్టినా మట్టి లెక్కుందనేటోడు.
మూసుకున్న తలుపులు నిదానంగా తెరుచుకుంటాయి,
అన్నీ తెరుచుకోవచ్చు, కొన్ని తెరుచుకోకపోవచ్చు
అని మేడమ్ ముందే చెప్పింది.

ఈ పొద్దు ఉగ్గాని పిడికెడు నోట్లో ఏసుకొని
"ఉప్పెక్కువాయె" అనె.

నేను పక్కకు తిరిగి పొయ్యి ఊదితి,
ఊదే పొయ్యి కాకపోయినా. గ్యాసు పొయ్యి అది.

గేటు తెరిచినారు.
మౌలాలి సారు వస్తాండాడు, ఇంకా దూరమే.
గాలి అటే ఉండాది.
పిండిలో ముంచిన మిరపకాయ చేతిలో పట్టుకొని నిలబడినా,
పిండి మోచేతి దాకా కారుతాండాది.